పటంలో చెరిగిన చుక్కలు



మార్కాపురం పలక మీద మీరు లెక్కలు చేసే ఉంటారు. మీరు చెయ్యకపోతే మీ అమ్మానాన్నలైనా చేసి ఉంటారు. పలక మీద రాసినది తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే ఏమీ మిగలదు. అంతమాత్రాన ఆ లెక్క మీరు చెయ్యలేదని ఎవరైనా అంటే ఊరుకుంటారా? చేసిన లెక్క చేసినట్టే గదా! ఈ నెల అట్లా తుడిచేసిన చుక్కలను గురించి చెబుతాను.

పోయిన వేసవి సెలవులకు మా అమ్మాయి కొడుకు అమెరికా నుంచి మార్కాపురం వచ్చాడు. వాడికి పదమూడేళ్లు. వాడికి జియోకాషింగ్ అనే ఆట మీద మహా సరదా. దాగిన డబ్బాల వేట అనుకోండి. ఒకరు చిన్న డబ్బాలో చిట్టి పుస్తకం ఒకటి పెట్టి, ఏ చెట్టు తొర్రలోనో రాతి సందులోనో దాస్తారు. ఆ చోటు అక్షాంశమూ రేఖాంశమూ ఇంటర్నెట్టులో ప్రకటిస్తారు. తక్కినవాళ్లు ఫోను పట్టుకుని ఆ అంకెల వెంట పోయి, డబ్బా వెతికి, పుస్తకంలో పేరూ తేదీ రాసి, మళ్లీ ఉన్నచోటనే పెట్టి వస్తారు.

అంకెలను పట్టుకుని చెట్టు దాకా ఎట్లా పోతారంటారా? భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున జి.పి.ఎస్. ఉపగ్రహాలు తిరుగుతున్నాయి. ఏ క్షణాన అయినా వాటిలో నాలుగు మన ఫోనుకు అందితే చాలు, మనం ఎక్కడ ఉన్నామో లెక్క తేలుతుంది. పూర్వం అమెరికా ప్రభుత్వం మామూలు జనానికి అందే సంకేతాన్ని కావాలని కొంచెం తప్పుగా పంపేది. అంచేత వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 సంవత్సరం మే 2వ తేదీన ఆ పని మానేశారు. మరునాడే, మే 3న, డేవ్ అల్మర్ అనే ఆయన ఆరెగన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ అనే ఊరి దగ్గర ఒక బకెట్టులో వస్తువులు పెట్టి దాచి, ఆ అంకెలు లోకానికి చెప్పాడు. ఆట అట్లా పుట్టింది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. మార్కాపురం అక్షాంశం ఇంచుమించు 15.73 డిగ్రీలు, గిద్దలూరుది 15.38. తేడా 0.35. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే 111 కిలోమీటర్లు. కాబట్టి గిద్దలూరు మనకు దక్షిణంగా 39 కిలోమీటర్లు. రేఖాంశాలు 79.27, 78.93. తేడా 0.34. మన ప్రాంతంలో రేఖాంశపు డిగ్రీ 107 కిలోమీటర్లు ఉంటుంది. అంటే పడమరగా 36 కిలోమీటర్లు. లంబకోణ త్రిభుజం సూత్రం నేర్చినవాళ్లు కట్టి చూడండి. రెండు ఊళ్ల మధ్య తిన్నగా గీత గీస్తే 53 కిలోమీటర్లు వస్తుంది. బిందువు తర్వాత నాలుగో అంకె దాకా రాస్తే పదకొండు మీటర్ల తేడాలో చోటు దొరుకుతుంది. అయిదో అంకె దాకా రాస్తే ఒక్క మీటరే! నాలుగూ అయిదూ అంకెలకు ఎంత విలువ ఉందో చూశారా?

ఇక అసలు సంగతి. ఒకనాడు మధ్యాహ్నం మావాడు ఫోను ముందు పెట్టుకుని మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు.

"ఏమిరా నాయనా?" అన్నాను.

"తాతయ్యా, అమ్మమ్మతో కలిసి వెతికిన డబ్బా పటంలో లేదు" అన్నాడు.

నాకు గుండె కలుక్కుమన్నది. మా ఇంటావిడ అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు వీడితో కలిసి ఒక పార్కులో డబ్బా వెతికింది. అదే వీడి మొదటి డబ్బా. అందులోని చిట్టి పుస్తకంలో ఆవిడ తన పేరు తెలుగులో రాసిందట. ఆవిడ కాలం చేసి రెండేళ్లయింది. ఇప్పుడు ఆ చుక్క కూడా పోయిందని వాడి బాధ.

ఈ ఆటలో డబ్బాను శాశ్వతంగా విరమించుకోవడం కూడా ఒక పద్ధతే. దాచినవారు ఊరు మారవచ్చు. వానకు డబ్బా కొట్టుకుపోవచ్చు. చెట్టు కొట్టేయవచ్చు. అటువంటప్పుడు ఆ డబ్బాను ఆటలోనుంచి తీసేస్తారు. కొత్తవాళ్లు ఊరికే పోయి వెతుక్కోకుండా మామూలు పటంలో దాని గుర్తు వెయ్యరు. అది న్యాయమే. అంతెందుకు, డేవ్ అల్మర్ దాచిన ఆ మొట్టమొదటి బకెట్టు కూడా ఇప్పుడు లేదు. ఆ చోట జ్ఞాపకార్థం ఒక ఫలకం పెట్టారు.

నేను ఇన్నేళ్లు బడి నడిపినవాణ్ణి గదా, నాకు వెంటనే మా రిజిష్టర్లు గుర్తుకు వచ్చాయి. బళ్లో రెండు పుస్తకాలుంటాయి. ఒకటి హాజరుపట్టీ. అందులో ఈ ఏడు చదువుతున్న పిల్లల పేర్లే ఉంటాయి. రెండోది అడ్మిషన్ రిజిష్టరు. ఒకసారి బళ్లో చేరినవాడి పేరు అందులో ఎప్పటికీ ఉంటుంది. టి.సి. తీసుకుని వెళ్లిపోయినా, ముసలివాడైపోయినా ఉంటుంది.

"ఒరే, నువ్వు హాజరుపట్టీ చూస్తున్నావు. అడ్మిషన్ రిజిష్టరు ఎక్కడుందో వెతుకు" అన్నాను.

వాడు వెతికాడు. వాడు కనుగొన్న డబ్బాల జాబితా వాడి ఖాతాలో భద్రంగా ఉంది. మొత్తం 63 పేర్లు. తీసేసిన వాటి పేర్ల మీద అడ్డగీత ఉంది, అంతే. పటంలో మాత్రం 41 చుక్కలే. అంటే 22 డబ్బాలు ఆటలోనుంచి పోయాయి.

అయితే జాబితా పేర్లే చూపుతుంది. వాడికి చోట్లు కావాలి. ఆ ఆటలో చందా కట్టినవాళ్లు తాము కనుగొన్నవన్నీ ఒకే ఫైలుగా తెప్పించుకోవచ్చు. దానిని జి.పి.ఎక్స్. ఫైలు అంటారు. అందులో ప్రతి డబ్బాకూ అక్షాంశ రేఖాంశాలు ఉంటాయి, తీసేసిన వాటికి కూడా. ఆ ఫైలును వేరే పటంలోకి ఎక్కిస్తే చుక్కలన్నీ వచ్చేస్తాయి. మావాడికి వాళ్ల నాన్న చందా కట్టి ఉన్నాడు. అరగంటలో 63 చుక్కలూ తెర మీద మెరిశాయి. వాడు ఒక్క చుక్క మీద వేలు పెట్టి చాలాసేపు ఊరుకున్నాడు. నేనూ ఊరుకున్నాను.

కాసేపటికి వాడే అడిగాడు: "తాతయ్యా, నీకూ అట్లా పోయిన చోటు ఏదైనా ఉందా?"

లేకేం! గిద్దలూరు దాటి నంద్యాల పోయే రైలు నల్లమల అడవిలోనుంచి పోతుంది. నా చిన్నతనంలో అది మీటరు గేజి. పట్టాల మధ్య దూరం సరిగ్గా ఒక మీటరు. ఆ దారిలో 19వ శతాబ్దం చివర కట్టిన దొరబావి వంతెన ఉండేది. లోయ మీద ఎత్తయిన స్తంభాలు, వాటి మీద రైలు! వంతెన వస్తున్నదనగానే మా నాన్న నా చెయ్యి గట్టిగా పట్టుకునేవాడు. కిటికీలోంచి కిందికి చూస్తే కాళ్లు జల్లుమనేవి. 1990లలో ఆ దారిని బ్రాడ్ గేజికి మార్చారు. పట్టాల మధ్య దూరం 1.676 మీటర్లయింది, అడవిలో దారి కూడా మార్చారు. దొరబావి మీద రైలు ఆగిపోయింది. ఇప్పుడు రైల్వే పటంలో ఆ దారి కనిపించదు. నాన్న చెయ్యి మాత్రం నాకు ఇంకా తెలుస్తూనే ఉంది.

మావాడు ఏమీ అనలేదు. తన పటంలో నల్లమల దగ్గర కొత్త చుక్క పెట్టి, దాని పక్కన "తాతయ్య, ముత్తాత" అని రాసుకున్నాడు. ఆ పటంలో అది అరవై నాలుగో చుక్క.

పిల్లలూ, మీకు ఈ ఆట తెలియకపోయినా, చందా లేకపోయినా ఫరవాలేదు. ఒక నోటుపుస్తకం చాలు. మీ అవ్వనో తాతనో వెంటబెట్టుకుని వీధిలోకి పొండి. పూడిపోయిన బావి ఎక్కడుండేదో, కొట్టేసిన వేపచెట్టు ఎక్కడుండేదో అడగండి. అక్కడ నిలబడి పెద్దవాళ్ల ఫోనులో అక్షాంశ రేఖాంశాలు చూసి, అయిదో అంకె దాకా రాయండి. చూసిన తేదీ, చెప్పినవారి పేరు మరిచిపోవద్దు. మనది నీళ్లకు కటకటలాడే సీమ. ఎక్కడ ఏ బావిలో నీళ్లుండేవో రాసి ఉంచితే ఎప్పుడో ఒకనాడు ఎవరికో పనికి రాకపోదు.

రెండు జాగ్రత్తలు. రైలు పట్టాల మీదికి, పాత వంతెనల మీదికి, పాడుబావుల అంచుకు పోకూడదు. నల్లమలలో పులులున్నాయి. అటవీశాఖ అనుమతి, పెద్దల తోడు లేకుండా అడవిలో అడుగు పెట్టకూడదు.

పెద్దలకు కూడా ఒక మాట. మీ పిల్లలు పుస్తకం పట్టుకుని వచ్చి అడిగితే విసుక్కోకండి. మీకు తెలిసిన చుక్కలు మీరు చెప్పకపోతే వాళ్లకు ఏ పటంలోనూ దొరకవు.