మంచు మీద జీతం లేని కొలువు

కెనడాలో సెప్టెంబరు చివర మొదలై మార్చి చివరిదాకా సాగే జూనియర్ ఐస్ హాకీ సీజన్‌ను కాస్త దగ్గరగా చూస్తే అది పిల్లల ఆటలా అనిపించదు. కెనడియన్ హాకీ లీగ్ గొడుగు కింద మూడు ప్రాంతీయ లీగ్‌లున్నాయి. పశ్చిమాన ఒకటి, అంటారియోలో ఒకటి, క్యూబెక్, అట్లాంటిక్ తీర ప్రావిన్సులకు కలిపి ఒకటి. 2024–25లో మూడింటా కలిపి 60 జట్లు ఆడాయి, వాటిలో కొన్ని అమెరికా ఊళ్లవి. ఆడేది 16 నుంచి 20 ఏళ్ల కుర్రాళ్లు. పశ్చిమ, అంటారియో లీగ్‌లలో ఒక్కో జట్టుకు 68 మ్యాచ్‌లు. ఉత్తర అమెరికా వృత్తి హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో లక్షల డాలర్ల జీతాలు తీసుకునే ఆటగాళ్లు 2024–25లో ఆడినవి 82. జూనియర్లకు ఆపైన ప్లేఆఫ్స్ ఉన్నాయి. గెలుస్తూ పోతే నాలుగు రౌండ్లు, రౌండుకు ఏడేసి మ్యాచ్‌ల దాకా. అవీ దాటితే మొదటి ప్రపంచ యుద్ధ మృతుల స్మారకంగా 1919లో మొదలైన మెమోరియల్ కప్. టికెట్లు, స్పాన్సర్లు, ప్రసార హక్కులు, జెర్సీల అమ్మకాల మీద నడిచే ఈ వ్యవహారంలో కోచ్‌కు జీతముంది, మంచును చదును చేసే యంత్రం నడిపేవాడికీ జీతముంది. జనం ఎవరిని చూడటానికి వస్తున్నారో ఆ కుర్రాడికి మాత్రం బస, భోజనం, చేతిఖర్చు, చదువుకు ఒక హామీ, ‘విద్యార్థి క్రీడాకారుడు’ అన్న బిరుదు. అతణ్ని పనివాడిగా గుర్తించకుండా ఈ లీగ్‌లు న్యాయంగా నడుస్తున్నాయని చెప్పుకోవడం కుదరదు.

పేరు సంగతి పక్కనపెట్టి అతని మీద ఎవరికి ఎంత అధికారముందో చూడండి. 14, 15 ఏళ్లకే, జట్లు వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఏదో ఒక జట్టు అతని హక్కులు తీసుకుంటుంది. ఏ ఊరికి వెళ్లాలన్నది అతని ఇష్టం కాదు. దేశం మూడు లీగ్‌ల మధ్య పంచబడి ఉంది కనుక ఏ లీగ్‌లో ఆడాలన్నదీ ఇల్లున్న చోటే నిర్ణయిస్తుంది. ఇల్లు వదిలి వెళ్లి, పరాయి ఊళ్లో ఒక ఆతిథ్య కుటుంబం దగ్గర ఉంటాడు. జనవరిలో బదిలీల గడువు దగ్గరపడేసరికి ఆ ఊరూ మారిపోవచ్చు. కప్పు మీద ఆశ ఉన్న జట్లు పెద్ద కుర్రాళ్లను తెచ్చుకుంటాయి, లేనివి అమ్ముకుని భవిష్యత్తు డ్రాఫ్ట్ హక్కులు పోగేసుకుంటాయి. నాలుగేళ్ల తర్వాతి డ్రాఫ్ట్ హక్కులు కూడా ఈ బేరాల్లో చేతులు మారుతుంటాయి. అంటే ఇవాళ చేతులు మారిన హక్కు కింద రేపు ఎంపికయ్యే పిల్లవాడికి ఇప్పుడు పదీ పదకొండేళ్లే. ఇంతటి ముందుచూపు వ్యాపారంలో తప్ప చదువులో ఎక్కడా కనిపించదు.

ప్రయాణాలూ తక్కువేమీ కాదు. పశ్చిమ లీగ్‌లో మానిటోబాలోని బ్రాండన్ జట్టు, పసిఫిక్ ఒడ్డున ద్వీపం మీదున్న విక్టోరియా జట్టు ఒకే పోటీలో ఉంటాయి. మధ్య దూరం రెండు వేల కిలోమీటర్ల పైచిలుకు. ఇంతటి దూరాలకు రోజూ వెళ్లరు గానీ, చలికాలపు మంచు రోడ్ల మీద రాత్రంతా బస్సులో గడపడం ఈ లీగ్‌లో మామూలు. 1986 డిసెంబరు 30న స్విఫ్ట్ కరెంట్ జట్టు బస్సు బోల్తాపడి నలుగురు కుర్రాళ్లు చనిపోయారు. 2018 ఏప్రిల్ 6న, దీనికంటే ఒక మెట్టు కిందున్న సస్కాచ్వాన్ లీగ్‌లో, ప్లేఆఫ్ మ్యాచ్‌కు వెళుతున్న హంబోల్ట్ జట్టు బస్సు ఒక ట్రక్కును ఢీకొంది. 16 మంది పోయారు, వారిలో పదిమంది ఆటగాళ్లు. స్టాప్ గుర్తు దగ్గర ఆగకుండా వచ్చిన ఆ ట్రక్కును నడిపింది భారత్ నుంచి వలస వెళ్లిన యువకుడు కావడంతో మన పత్రికల్లోనూ ఆ వార్త వచ్చింది. రోడ్డు ప్రమాదానికి లీగ్‌ను నిందించలేం. కానీ ఒకరి షెడ్యూలు ప్రకారం, ఒకరి బస్సెక్కి, ఒకరి రాబడి కోసం రాత్రీ పగలూ ప్రయాణించేవాణ్ని మనం మామూలుగా పనివాడనే అంటాం.

2014లో ఆటగాళ్ల తరఫున కనీస వేతనం కోసం కోర్టులో దావా పడింది. దావా వేసిన కుర్రాడు ఒక మాజీ ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాడి కొడుకు, కాబట్టి ఇది ఆట తెలియని బయటివాళ్ల గోల అని కొట్టిపారేయడానికి లేదు. యజమానులు వీళ్లు ఉద్యోగులే కారని వాదించారు. అంత ధీమా ఉన్నవాళ్లు కోర్టు తీర్పు కోసం ఆగి ఉండాల్సింది. ఆగలేదు, ప్రభుత్వాల దగ్గరికి వెళ్లారు. 2015లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, 2016లో బ్రిటిష్ కొలంబియా, 2018లో క్యూబెక్, అంటారియో వరసగా తమ కార్మిక నిబంధనల్లో జూనియర్ హాకీకి మినహాయింపు రాసిపెట్టాయి. చట్టం వర్తించనివాళ్లకు చట్టం నుంచి మినహాయింపు ఎందుకో ఏ ప్రభుత్వమూ సూటిగా చెప్పలేదు. 2020లో లీగ్‌లు 3 కోట్ల కెనడా డాలర్లకు రాజీకొచ్చాయి. ఆ రాజీపత్రం మీద సంతకం చేస్తే ఆటగాళ్లు తలకు తగిలిన దెబ్బల వంటి వేరే కేసుల హక్కులూ వదులుకోవాల్సి వస్తుందని మూడు ప్రావిన్సుల న్యాయమూర్తులు అప్పట్లో దాన్ని ఆమోదించలేదు.

ఇంతలో సరిహద్దుకు అటువైపు అమెరికా కళాశాలల క్రీడా సంస్థ ఎన్‌సీఏఏ దశాబ్దాలుగా సరిగ్గా తలకిందుల మాట చెబుతూ వచ్చింది. ఈ కుర్రాళ్లకు నెలకింత ముడుతోంది, జట్లలో ఎన్‌హెచ్‌ఎల్ ఒప్పందాలు చేసుకున్నవాళ్లూ ఉన్నారు, కనుక వీళ్లు వృత్తి ఆటగాళ్లు, మా కళాశాలల్లో ఆడనివ్వం అని. 16 ఏళ్లప్పుడు విండ్సర్ జట్టుకు రెండంటే రెండు సన్నాహక మ్యాచ్‌లు ఆడిన పాపానికి తలుపు మూసేశారని ఒక కుర్రాడు 2024 ఆగస్టులో కోర్టుకెక్కాడు. వేతనం అడిగితే నువ్వు విద్యార్థివి, చదువుకుంటానంటే నువ్వు వృత్తి ఆటగాడివి. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే. ఆ ఏడాది నవంబరు 7న ఎన్‌సీఏఏ దిగివచ్చింది, 2025 ఆగస్టు 1 నుంచి తలుపు తెరిచింది. తెరవకముందే, జులైలోనే, మెడిసిన్ హాట్ జట్టు తార గావిన్ మెకెన్నా పెన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి వెళుతున్నట్టు ప్రకటించాడు. అతని వయసు 17. అంతకుముందు సీజన్‌లో 56 మ్యాచ్‌లలో, గోల్స్, గోల్స్‌కు చేసిన సాయం కలిపి 129 పాయింట్లు సాధించాడు. కళాశాలలో అతనికి 7 లక్షల డాలర్ల దాకా అందుతుందని అమెరికా పత్రికలు రాశాయి. జూనియర్ హాకీ ఆటగాడి శ్రమకు బజారులో ధర లేదన్న వాదన ఆ ఒక్క వార్తతో కూలిపోయింది.

లీగ్‌ల సమర్థకుల మాటల్లో బలమైనది చదువు గురించినది. ఒక సీజన్ ఆడితే ఒక ఏడాది విశ్వవిద్యాలయ ఫీజు, పుస్తకాల ఖర్చు ఇస్తారు. ఇది ఉత్తుత్తి హామీ కాదు. ఎందరో దాంతో పట్టాలు తీసుకున్నారు. కానీ లెక్క చూద్దాం. కెనడాలో స్థానిక విద్యార్థి సగటు ఫీజు ఏడాదికి సుమారు 7 వేల డాలర్లు. ప్రాక్టీసు, జిమ్, ప్రయాణం, మ్యాచ్ అన్నీ కలిపి వారానికి 30 గంటలే అనుకున్నా, 26 వారాలకు, 2024 అక్టోబరు నాటి అంటారియో కనీస వేతనం గంటకు 17.20 డాలర్ల చొప్పున 13,400 దాటుతుంది. బస, భోజనం జట్టే చూస్తుంది కనుక తేడా కొంత తగ్గుతుంది, నిజమే. అయితే వేతనం చేతికొచ్చాక ఎవరూ వెనక్కి తీసుకోరు. ఈ చదువు సాయం మాత్రం నిర్ణీత గడువులోగా వాడుకోకపోతే, లేదా ఎన్‌హెచ్‌ఎల్ ఒప్పందం మీద సంతకం పెడితే పోతుంది.

జీతాలిస్తే చిన్న ఊళ్ల జట్లు మూతపడతాయన్నది రెండో మాట. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పశ్చిమ లీగ్‌లోని మూస్ జా, ప్రిన్స్ ఆల్బర్ట్, స్విఫ్ట్ కరెంట్ జట్లు ఊరివాళ్ల ఉమ్మడి సొత్తు, అక్కడ లాభం మూటగట్టుకునే యజమాని లేడు. కానీ అదే లీగ్‌లో కాల్గరీ, ఎడ్మంటన్ జూనియర్ జట్లు ఆయా నగరాల ఎన్‌హెచ్‌ఎల్ జట్ల యజమానులవే. సుమారు 9 వేల సీట్ల స్టేడియం నింపే అంటారియో జట్టు లండన్ నైట్స్‌కూ మూస్ జాకూ ఒకే కష్టం ఉందనడం పేదల పేరు చెప్పి ధనికులు మినహాయింపు పొందడమే. రాబడి పంచుకునే పద్ధతి ఎన్‌హెచ్‌ఎల్‌లో ఎప్పటినుంచో ఉంది. అదేదో ఇక్కడా పెట్టి, వేతనాలకు ఉమ్మడి నిధి ఏర్పాటు చేస్తే మూసుకుపోయే జట్లు ఎన్నో అప్పుడు తెలుస్తుంది.

డబ్బు చేతికొస్తే పిల్లలు చెడిపోతారన్న దిగులు మనకు కొత్త కాదు. 2024 నవంబరు ఐపీఎల్ వేలంలో 13 ఏళ్ల వైభవ్ సూర్యవంశీని రాజస్థాన్ రాయల్స్ 1.1 కోట్లకు కొన్నప్పుడు మన దగ్గరా ఆ మాట వినిపించింది. ఆ వయసులో వేలానికి పెట్టడం సబబా అన్నది వేరే చర్చ. కానీ ఆడించుకుని డబ్బు ఇవ్వకపోవడమే పిల్లవాడికి రక్షణ అని ఎవరూ అనలేదు. పిల్లలకు నిజమైన ముప్పు డబ్బుతో కాదు, ఎదురుచెప్పలేని అధికారంతో. స్విఫ్ట్ కరెంట్ మాజీ కోచ్ గ్రాహం జేమ్స్ తన కింది ఆటగాళ్లపై ఏళ్ల తరబడి లైంగిక దాడులు చేసినట్టు 1997లో నేరం ఒప్పుకున్నాడు. వారిలో షెల్డన్ కెనడీ ఒకరు. మంచు మీదికి దించాలో బెంచీ మీద కూర్చోబెట్టాలో కోచ్ చేతిలోనే ఉన్నప్పుడు 16 ఏళ్ల పిల్లవాడు ఎవరికి చెప్పుకుంటాడు? 2012లో ఆటగాళ్లకు సంఘం పెట్టే ప్రయత్నమొకటి జరిగి నెలల్లోనే చెదిరిపోయింది. ఈ రోజుకీ వాళ్ల తరఫున బేరమాడే సంఘం లేదు.

ఇప్పుడు లీగ్‌లకు కొత్త సాకు దొరికింది. ఎన్‌సీఏఏ తలుపు తెరుస్తూనే, అసలైన, అవసరమైన ఖర్చులకు మించి పుచ్చుకున్నవారికి అర్హత ఉండదని మెలిక పెట్టింది. జీతమిస్తే మీ అబ్బాయికి కళాశాల దారి మూసుకుపోతుందని తల్లిదండ్రులకు చెప్పడం ఇక తేలిక. తామే లక్షల డాలర్లు ఇచ్చే కళాశాలలు వేరొకరు ఇచ్చిన కొద్దిపాటి డబ్బును తప్పుపట్టడం ఎన్నాళ్లో నిలవదు, కోర్టులు చూసుకుంటాయి. ఈలోగా మినహాయింపులు రాసిన ప్రావిన్సులు చేయగలిగినది ఒకటుంది. మినహాయింపు కావాలనుకునే జట్టు చదువు సాయానికి గడువు ఎత్తేయాలని, ఎన్‌హెచ్‌ఎల్ ఒప్పందం చేసుకున్నా అది పోకూడదని, స్కూలు ఏడాది మధ్యలో ఆటగాడి సమ్మతి లేకుండా బదిలీ చేయకూడదని, జట్టు జీతం తీసుకోని ఒక ప్రతినిధి ఆటగాళ్లకు అందుబాటులో ఉండాలని షరతులు పెట్టవచ్చు. లీగ్‌లు ఒప్పుకోకపోతే మినహాయింపు రద్దు చేయడానికి ఒక్క సవరణ చాలు. దాన్ని తెచ్చిన సవరణ కూడా అంతే పొడవు.