కొరియా వంకాయ – మన ఇడ్లీ పాత్రలో

వంకాయతో మనకి తెలియని వంటంటూ ఉందా అనుకుంటాం కదండీ! గుత్తి వంకాయ, కొత్తిమీర కారం పెట్టిన కూర, కాల్చిన పచ్చడి, పచ్చిపులుసు... చెప్పుకుంటూ పోతే వేళ్ళు చాలవు. అయినా ఈ మధ్య ఇంటింటా పిల్లలు ఫోన్లలో కొరియా సీరియల్స్ చూస్తూ, "అమ్మా, వాళ్ళు తినేది చేసి పెట్టవూ" అని ప్రాణం తీస్తున్నారు. మనకీ కొరియాకీ ఏమిటి చుట్టరికం అనకండి. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారం మొదలయ్యాక కొరియా వారు మన రాష్ట్రంలోనే కాపురాలు పెట్టారు. అందుకే ఈ వారం వాళ్ళ పద్ధతిలో వంకాయ సలాడ్ చెప్పుకుందాం.

పేరు కొత్తగా ఉందని భయపడకండి. వంకాయలు కావాలి, అవి మనింట్లోనివే. నువ్వులు, వెల్లుల్లి, ఎండుకారం, ధనియాలు అన్నీ మన పోపుల డబ్బా సరుకే.

ఇందులో రెండు రకాలున్నాయి. కొరియాలో చేసేదాన్ని 'కాజీ నాముల్' అంటారు. వంకాయని ఆవిరి మీద ఉడికించి, చేత్తో చీల్చి, సోయా సాస్, వెల్లుల్లి, ఉల్లికాడలు, నువ్వుల నూనె కలుపుతారు. అన్నంతో పాటు చిన్న చిన్న గిన్నెల్లో పెట్టుకుంటారు, మనం విస్తట్లో పచ్చళ్ళు వడ్డించుకున్నట్టే.

రెండోదాని వెనక ఒక కథ ఉంది. పూర్వం చాలామంది కొరియా వారు బతుకుతెరువు కోసం రష్యా తూర్పు అంచుకి వలస వెళ్ళారు. 1937లో అప్పటి సోవియట్ ప్రభుత్వం వాళ్ళలో సుమారు 1,70,000 మందిని రైళ్ళలో ఎక్కించి, వేల మైళ్ళ దూరాన కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్ దేశాల్లో దించేసింది. అక్కడ వాళ్ళు ఊరగాయ పెట్టుకునే క్యాబేజీ దొరకలేదు. ఆ తల్లులు ఊరుకున్నారా? దొరికిన క్యారెట్‌నే సన్నగా తరిగి, వెనిగర్, ధనియాల పొడి, వెల్లుల్లి వేసి, పైన కాగిన నూనె పోశారు. వంకాయనీ అలాగే చేశారు. ధనియాలు ఆ మధ్య ఆసియా వంటల్లోంచి వచ్చినవే. పిల్లల నోటికి పుట్టింటి రుచి అందించాలని చేతిలో ఉన్నదానితో సర్దుకోవడం ఏ దేశపు ఆడదానికైనా ఒకరు నేర్పాలా చెప్పండి! నేను రాస్తున్నది ఈ రెండో రకమే. కాగిన నూనె పోయడం అంటే మన పోపే కదా.

కావలసిన పదార్థాలు (నలుగురికి):
పొడుగు వంకాయలు – అర కిలో
క్యారెట్ – 1
ఉల్లిపాయ – 1
వెల్లుల్లి రేకలు – 4
ధనియాలు – 1 టీస్పూను
ఎండుకారం – 1 టీస్పూను
నువ్వులు – 1 టేబుల్‌స్పూను
నూనె – 2 టేబుల్‌స్పూన్లు
వెనిగర్ – 2 టేబుల్‌స్పూన్లు (లేదా ఒక నిమ్మకాయ రసం)
సోయా సాస్ – 1 టీస్పూను
ఉప్పు – అర టీస్పూను
పంచదార – అర టీస్పూను
కొత్తిమీర – కొద్దిగా

తయారుచేసే విధానం: వంకాయలు లేతవి చూసి తీసుకోండి. మా తుని మార్కెట్లో చలికాలం వచ్చేవి బాగుంటాయి. చేత్తో పట్టుకుంటే తేలికగా, తొక్క నిగనిగలాడుతూ ఉండాలి. బరువుగా ఉంటే గింజ ముదిరిందన్నమాట. ఒక్కో కాయని నిలువుగా నాలుగు చేసి, రెండంగుళాల ముక్కలు తరగండి. వెంటనే ఇడ్లీ పాత్రలో చిల్లుల పళ్ళెం మీద పెట్టేస్తే నల్లబడవు. ఆవిరి వచ్చాక ఆరేడు నిమిషాలు చాలు. చాకు సులువుగా దిగాలి, ముక్క మాత్రం చితక్కూడదు. తీసి, చల్లారాక చేత్తో పొడవుగా చీల్చి, నీరు పోయేలా మెల్లిగా వొత్తండి. ఆ నీరు ఉండిపోతే సలాడ్ చప్పబడిపోతుంది.

క్యారెట్ సన్నగా పొడుగ్గా తురిమి, చిటికెడు ఉప్పు వేసి పది నిమిషాలుంచి పిండండి. నువ్వులు, ధనియాలు విడివిడిగా దోరగా వేయించి, నువ్వుల్ని కచ్చాపచ్చాగా, ధనియాల్ని పొడిగా దంచండి. కొరియా వారు వాడే నూనె వేయించిన నువ్వులతో తీసినది. మన గానుగ నూనెకి ఆ వాసన ఉండదు. ఇలా వేయించి దంచిన నువ్వులు వేస్తే ఆ లోటు తీరిపోతుంది, ఖరీదైన సీసా కొననక్కర్లేదు.

వెడల్పాటి గిన్నెలో వంకాయ, క్యారెట్, సన్నగా తరిగిన ఉల్లిపాయ వేయండి. మధ్యలో కుప్పగా దంచిన వెల్లుల్లి, కారం, ధనియాల పొడి పెట్టండి. నూనె కాగనిచ్చి, చిన్న ఉల్లిముక్క వేస్తే చుయ్యిమనాలి, పొగ మాత్రం రాకూడదు. పొగ వస్తే కారం మాడి చేదెక్కుతుంది. ఆ నూనె కుప్ప మీద పోసి, వెనిగర్, సోయా సాస్, పంచదార, మిగిలిన ఉప్పు, నువ్వులు, కొత్తిమీర వేసి కలిపి, మూతపెట్టి రెండు గంటలు ఫ్రిజ్‌లో ఊరనివ్వండి. వెల్లుల్లి తినని రోజుల్లో అర టీస్పూను అల్లం తురుము వేసుకోండి.

ఇప్పుడు అసలు మాట. మా వారికి రక్తపోటు ఉందని డాక్టరుగారు ఉప్పు, నూనె తగ్గించమన్నారు. ఆయనకేమో వంకాయ వేపుడు లేనిదే ముద్ద దిగదు. పచ్చి వంకాయ స్పంజీలా నూనె పీల్చేస్తుంది. అదే ముందు ఆవిరి మీద ఉడికితే లోపలి గాలి గదులు అణిగిపోయి, అంత పీల్చదు. అర కిలోకి రెండు టేబుల్‌స్పూన్లతో సరిపెట్టగలిగామంటే అందుకే. మొదటిరోజు ఆయన "ఇదేం కూరే" అన్నారు గానీ, రెండోసారి వడ్డించమన్నారు. బక్క కూరలతో విసిగిపోయిన మనిషి ఇష్టంగా తింటూంటే ఎంత హాయో మీకు తెలియనిదా!

అయితే సోయా సాస్ విషయంలో జాగ్రత్త తల్లీ. చూడ్డానికి నీళ్ళలా ఉంటుంది గానీ అది ఉప్పు సీసానే. ఒక టేబుల్‌స్పూనులో రెండు గ్రాముల పైన ఉప్పు ఉంటుంది. పెద్దవాళ్ళు రోజుకి మొత్తం 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను, లోపే తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందుకే నేను ఒక టీస్పూనే రాశాను. రక్తపోటు ఉన్నవాళ్ళకి అదీ మానేసి, నిమ్మరసం కాస్త పెంచండి, రుచికి లోటుండదు. గోధుమ పడనివాళ్ళు సీసా మీద చదివి కొనండి, చాలా సాస్‌లలో గోధుమ ఉంటుంది.

ఇంకో మాట. నూనె, కారం కనిపిస్తున్నాయి కదా అని దీన్ని ఆవకాయలా జాడీలో పెట్టి గట్టు మీద ఉంచకండి. ఆవకాయని కాపాడేది దండిగా వేసే ఉప్పు, మామిడి పులుపు. ఇందులో అంత ఉప్పు లేదు. పచ్చి వెల్లుల్లి నూనెలో బయట ఉంటే ప్రమాదం కూడా. ఫ్రిజ్‌లోనే పెట్టి, రెండు రోజుల్లో ముగించెయ్యండి.

వేడన్నంలోకి, చపాతీలోకి, పెరుగన్నం పక్కన నంజుకోడానికి కూడా భేషుగ్గా ఉంటుంది. ఈ ఆదివారం చేసి చూసి, మీ ఇంట్లో ఎవరేమన్నారో రాయండి మరి.