అమ్మ సంతకం పెట్టే రిజిస్టర్‌లో ఏం రాసుంది?

మా పిన్ని ఒక సర్కారు బడి కమిటీకి చైర్‌పర్సన్. "చైర్మన్ గారూ" అని పిలిస్తే ఎవరినో అనుకుని ఇప్పటికీ వెనక్కి తిరిగి చూస్తుంది. కంకిపాడు దగ్గర పల్లెటూరు, చేసేది పొలం పని. 2024 ఆగస్టు 8న రాష్ట్రమంతా స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీల ఎన్నికలు పెట్టారు కదా, అందులో గెలిచింది. గెలవడమంటే పెద్ద హడావుడేం లేదు, చేతులెత్తారు, అయిపోయింది. సభ్యుల్ని ఎన్నుకోవడం, చైర్మన్‌ని ఎంచుకోవడం, ప్రమాణం, మొదటి మీటింగ్ అన్నీ ఆ గురువారం ఒక్కరోజే. డెల్టాలో అప్పుడు నాట్లు జరుగుతుంటాయి. వచ్చిన అమ్మల్లో చాలామంది ఆ పూట కూలి వదులుకుని వచ్చారు.

ఇంతకీ ఈ కమిటీ పనేంటి?

అమెరికాలో ఉన్న మీ కజిన్‌ని అడిగితే స్కూల్ బోర్డు గురించి గొప్పగా చెప్తాడు. అక్కడ చాలాచోట్ల ఊరివాళ్లు ఓట్లేసి బోర్డుని ఎన్నుకుంటారు. ఆ బోర్డే బడ్జెట్ ఓకే చేస్తుంది, సూపరింటెండెంట్‌ని పెట్టుకుంటుంది. మన కమిటీకి అంత సీన్ లేదు. టీచర్‌ని వేయలేదు, బదిలీ చేయలేదు. అందుకే చాలామంది దీన్ని టీ, బిస్కెట్ల మీటింగ్ అనుకుంటారు. నాకు మాత్రం అలా అనిపించదు.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది ఆడవాళ్లు ఉండాలని అందులో ఉంది. మన రాష్ట్రంలో తరగతికి ముగ్గురు పేరెంట్స్ చొప్పున తీసుకుంటారు. అంటే 1 నుంచి 5 దాకా ఉన్న బడిలో 15 మంది. హెడ్‌మాస్టర్ కన్వీనర్ మాత్రమే, పైన కూర్చునేది పేరెంటే. బడి ఎలా నడుస్తుందో చూడటం, వచ్చిన డబ్బు ఎలా ఖర్చయిందో చూడటం, స్కూల్ డెవలప్‌మెంట్ ప్లాన్ తయారు చేయడం వీళ్ల పని.

అసలు సంగతి ఆ ప్లాన్‌లోనే ఉంది. కేంద్రం ఇచ్చిన మోడల్ రూల్స్ ప్రకారం అది మూడేళ్ల ప్లాన్. ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందే, అంటే డిసెంబరు ఆఖరుకే రెడీ కావాలి. ఏ తరగతిలో ఎంతమంది పిల్లలుంటారు, ఇంకా ఎంతమంది టీచర్లు కావాలి, గదులు, సామాన్లు ఏం కావాలి, దానికి ఎంతవుతుంది... అన్నీ రాయాలి. టీచర్‌ని వేసే పవర్ లేకపోయినా, "మాకు ఇద్దరు తక్కువున్నారు" అని సంతకంతో సహా రికార్డు చేసే పవర్ ఉంది. నోటితో అడిగితే పైవాళ్లు మర్చిపోతారు. ప్లాన్‌లో రాసి పంపితే, మాకెవరూ చెప్పలేదే అనడం కుదరదు.

పిన్ని మొదట్లో చదవకుండానే సంతకం పెట్టేది. ఓసారి తీర్మానం పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపింది. "ఏరా, ఇందులో ఏముందో కాస్త చెప్పు." వసతులు సంతృప్తికరంగా ఉన్నాయని ఉంది. "ఆడపిల్లల బాత్రూంలో కుళాయే రావట్లేదురా!" అంది. తర్వాతి మీటింగ్‌లో అదే మాట చెప్పి, పుస్తకంలో రాయించాకే సంతకం పెట్టింది. ఎవరితోనూ గొడవ పడలేదు, గొంతు కూడా పెంచలేదు.

డబ్బు మాటకొస్తే, 2025 జూన్‌లో తల్లికి వందనం కింద అమ్మల అకౌంట్లలో పిల్లాడికి 13 వేలు పడ్డాయి. 15 అన్నారుగా అని మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు అనే ఉంటారు. మిగతా 2 వేలు బడుల నిర్వహణకి, టాయిలెట్ల నిర్వహణకి. ఆ లెక్కన కుళాయి గురించి అడగడం అమ్మలకి ఎవరో చేసే ఫేవర్ కాదు, వాళ్ల డబ్బు గురించి వాళ్లు అడగడమే. నాడు-నేడు మొదటి విడతలో 15 వేలకు పైగా బడుల పనులు పేరెంట్స్ కమిటీల చేతుల మీదుగానే నడిచాయి. కాబట్టి వాళ్లకేం తెలుసు అనే మాట నా దగ్గర అనకండి.

బెజవాడలో అయితే ఇంకో చిక్కు. మున్సిపల్ బడికొచ్చే పిల్లల్లో చాలామందివి అద్దె ఇళ్లు. ఇవాళ సింగ్‌నగర్, రేపు ఇంకో పేట. పిల్లాడు బడి మారితే కమిటీలో అమ్మ కుర్చీ ఖాళీ.

ఈ కమిటీ ఎన్నికల్లో అన్నయ్యలకీ అక్కలకీ ఓటు లేదు, పేరెంట్స్‌కీ గార్డియన్‌కే. కానీ మీటింగ్ మినిట్స్ జనానికి అందుబాటులో ఉంచాలని అవే మోడల్ రూల్స్ చెప్తున్నాయి. మీ తమ్ముడో చెల్లో సర్కారు బడిలో ఉంటే వెళ్లి ఆ రిజిస్టర్ చూపించమని మర్యాదగా అడగండి. చివరి మీటింగ్ తేదీ ఎప్పుడో చూడండి, ప్లాన్‌లో టీచర్ల దగ్గర ఏ అంకె వేశారో చూడండి. అంకె లేకుండా ఖాళీగా వదిలేసి ఉంటే, తర్వాతి మీటింగ్‌కి వెళ్లేముందు ఆ సంగతి అమ్మకి చెప్పండి.