పాడైన చేప ఎవరి కంచంలోకి?

చేప చవగ్గా దొరికిందని ఆదివారం రెండు కిలోలు తెచ్చి, కవరుతో సహా ఫ్రిజ్‌లో పడేసే మగవాళ్ళు చాలా ఇళ్ళలో ఉన్నారు. బుధవారానికి వాసన మారితే, పారేయడానికి మనసొప్పక ఇంకాస్త చింతపండు, కారం దట్టించి వండేది మనం. పిల్లలకు పెట్టకుండా ఆ ముక్కలు తినేదీ మనమే. దీన్ని పొదుపంటే నేనొప్పుకోను.

పులుపుతో వాసన పోతుందేమో గానీ విషం పోదు. వంజరం, కానాగంతల్లాంటివి చల్లగా ఉంచకపోతే వాటిలో హిస్టమిన్ తయారవుతుంది. ఎంత మరిగించినా అది పోదు.

ఫ్రిజ్ మామూలు అరలో పచ్చి చేప ఒకటి రెండు రోజులే, అదీ పేగులు, మొప్పలు తీసి, కడిగి, తడి తుడిచి మూత గిన్నెలో పెడితే. మిగతాది తెచ్చిన రోజే పూటకు సరిపడా పొట్లాలు కట్టి, తేదీ రాసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టాలి. అంతా ఒకే గడ్డ కడితే నాలుగు ముక్కల కోసం మొత్తం కరిగించాలి. కరిగించడం కూడా గట్టు మీద కాదు, ముందురాత్రే కింది అరలోకి దించాలి. తలకాయ మాత్రం పారేయొద్దు, పులుసుకి రుచి దానిదే.

మా ఇంట్లో ఇప్పుడు చేప తెచ్చినవాళ్ళే పొట్లాలు కట్టాలి. అప్పట్నుంచి కిలోకి మించి రావడం లేదు.