కంటి సహాయకునికి మందు ఇచ్చే అధికారం ఉండవలదా?

పత్తి తీసే రోజులలో, మిరప కోతల కాలంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెలలో కళ్లకు గండం. ఎండిన పత్తికాయ మొన కంటికి తగులుతుంది. మిరప తొడిమలు తీసిన చేతితోనే కన్ను నలుపుకొంటారు. నల్లగుడ్డుపై గీత పడితే, మట్టిలోని ఫంగస్ అనే బూజు చేరి అది పుండు కావచ్చును. పుండు మానినా మచ్చ మిగులుతుంది. దానినే మనవారు కంటిలో పువ్వు అంటారు. సుశ్రుతుడు సవ్రణశుక్రమని వర్ణించినది ఇటువంటి వ్యాధినే.

కొన్నేళ్ల క్రిందట పత్తి కూలికి వెళ్లే ఒక తల్లి నా వద్దకు వచ్చినది. కాయ మొన తగిలిన కంటిలో మొదట చనుబాలు వేయించుకొన్నదట. తగ్గక, మందుల దుకాణంలో చుక్కలు కొన్నది. నాలుగు రోజులు ఎరుపు, నొప్పి తగ్గినవి. ఆ తరువాత నల్లగుడ్డు తెల్లబడినది. సీసా చూడగా అది స్టెరాయిడ్. అది పైకి మంటను అణచి, లోపల బూజు విజృంభించుటకు దారి ఇస్తుంది. వెంటనే గుంటూరులోని కంటి ఆసుపత్రికి పంపినాను. కన్ను దక్కినది, చూపు దక్కలేదు.

అటువంటి చుక్కలు డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదు. అయినా కన్ను చూడనివాడు మందు అమ్మినాడు. పరికరంతో కన్ను చూచి గీతను గుర్తించగల నేత్ర సహాయకునికి మాత్రం సొంతంగా మందు ఇచ్చే అధికారం లేదు. ఇది విపరీతం కాదా?

బ్రిటన్‌లో అదనపు శిక్షణ పొందిన ఆప్టోమెట్రిస్టులకు 2008లో స్వతంత్రంగా మందులు వ్రాసే హక్కు లభించినది. మన దేశంలో 2021 నాటి చట్టం వారి వృత్తిని గుర్తించినది. నేపాల్‌లోని భక్తపూర్‌లో గ్రామ కార్యకర్తలు కంటి గీతలకు యాంటీబయాటిక్ లేపనం వేయగా, 18 గంటలలోగా మందు పడినవారిలో ఎవరికీ పుండు కాలేదని 2001లో వెలువడిన అధ్యయనం తెల్పినది. 2022 నాటి పెద్ద అధ్యయనంలో మాత్రం గ్రామాలలో పుండ్లు తగ్గినట్లు తేలలేదు. లేపనం ఒక్కటే చాలదనుటకు ఇది హెచ్చరిక.

కనుక నా అభిప్రాయం ఇది. శిక్షణ పొంది, పరీక్షలో నెగ్గిన సహాయకులకు ఒక చిన్న మందుల జాబితా అప్పగించాలి. గీతకు యాంటీబయాటిక్ లేపనం, పొడికంటికి చుక్కలు అందులో ఉండవచ్చును. స్టెరాయిడ్ ఉండరాదు. కంటిని మొద్దుబార్చే చుక్కలు ఇంటికి ఇవ్వరాదు. తెల్లమచ్చ, తీవ్రమైన నొప్పి, చూపు మందగించుట కనబడితే అదే రోజున నేత్రవైద్యుని వద్దకు పంపాలి. ఇచ్చిన ప్రతి మందును పుస్తకంలో వ్రాసి ఉంచాలి.

వైద్యుడు కానివాని చేతికి మందా అని వైద్యమిత్రులు కొందరు ఆక్షేపిస్తారు. నేర్చినంత మేరకే చేసి, తెలియనిచోట ఆగేవాడు రోగికి కీడు చేయడు. ఆ హద్దు మనకూ వర్తిస్తుంది. గురుకులంలో అంజనాలు నూరుట నేర్చినవాడను నేను. అయినా గాయపడిన కంటిలో తేనె, చనుబాలు, ఆముదం, ఆకుపసరు ఏదీ వేయవద్దనే చెబుతాను. కారం పడితే శుభ్రమైన నీటితో బాగుగా కడగండి. గుచ్చుకొంటే నలపక, ఆ పూటనే కంటిని చూడగలవారి వద్దకు వెళ్లండి.