ఏ జైలుకు ఎంత?

2025 జూన్‌లో, ఎమర్జెన్సీకి 50 ఏళ్లు నిండుతున్న వేళ, ఆ రోజుల్లో నెలకు పైగా జైల్లో మగ్గినవారికి ఇచ్చే గౌరవ భృతిని 10 వేల నుంచి 20 వేల రూపాయలకు పెంచుతూ మహారాష్ట్ర మంత్రివర్గం నిర్ణయం తీసుకుంది. మంచి పనే. రాజకీయ కారణాలతో కటకటాలు లెక్కపెట్టిన మనిషి బయటికొచ్చాక బతుకును మళ్లీ ఓనమాల నుంచి దిద్దుకోవాల్సి వస్తుందనీ, ఆ బరువులో కొంత ప్రభుత్వం మోయాలనీ ఒప్పుకొన్నందుకు అభినందించాల్సిందే. కానీ ఒప్పుకొన్నది ఏ ప్రభుత్వం? మావోయిస్టులతో సంబంధాలున్నాయంటూ ప్రొఫెసర్ జి.ఎన్.సాయిబాబాపై చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం (ఉపా) కింద కేసు నడిపిన ప్రభుత్వం! బొంబాయి హైకోర్టు రెండుసార్లు శిక్ష కొట్టేసినా, ఆ అమలాపురం బిడ్డకు గానీ, ఆయన పోయాక కుటుంబానికి గానీ పరిహారం మాట అటుంచి, పొరపాటు జరిగిందన్న ఒక్క ముక్క కూడా దక్కలేదు.

ఈ తేడా ఏమిటని అడిగితే పాలకులకు కంఠతా వచ్చిన జవాబొకటి ఉంది: చట్టం తన పని తాను చేసుకుపోయింది. నాడు జరిగింది దుర్మార్గమట, నేడు జరిగేది చట్టపాలనట. ఢిల్లీ, ముంబయి, హైదరాబాద్, అమరావతి... గద్దె ఏదైనా, జెండా ఏదైనా పాట మాత్రం ఇదే. ఇంతకు మించిన బొంకు లేదు.

ఎమర్జెన్సీ ఖైదీలను పట్టుకెళ్లింది కూడా చట్టమే. పార్లమెంటు 1971లో చేసిన అంతర్గత భద్రతా చట్టం, మీసా. ఆ నిర్బంధాన్ని కోర్టులో ప్రశ్నించే హక్కే పౌరుడికి లేదని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు 4-1 మెజారిటీతో తేల్చింది. కాదన్న ఒకే ఒక్క న్యాయమూర్తి హెచ్.ఆర్.ఖన్నాకు ఆ తర్వాత ప్రధాన న్యాయమూర్తి పదవి దక్కకుండా పోయింది. చట్టమూ ఉంది, దానిపై అత్యున్నత న్యాయస్థానం ముద్రా ఉంది. పాలకుల వాదనే నిజమైతే మీసా ఖైదీలకు దమ్మిడీ ఇవ్వనక్కర్లేదు. పైగా వారిని ఏ కోర్టూ నిర్దోషులని ప్రకటించలేదు, విచారణ అంటూ జరిగితే కదా! వారి పక్షాన 1977లో తీర్పు చెప్పింది ఓటరు. సాయిబాబా కేసులో విచారణ జరిగింది, యావజ్జీవం పడింది, అభియోగాలు రుజువు కాలేదని హైకోర్టు దాన్ని రద్దు చేసింది. తీర్పే లేనివారికి భృతి, తీర్పు చేతబట్టుకు వచ్చినవారికి మొండిచెయ్యి. 1975లో మీసా కింద, 2018లో ఉపా కింద పట్టుకెళ్లింది ఒకే విప్లవ కవి వరవరరావును. ఆయన ఏ జైలుకు యోధుడు, ఏ జైలుకు ద్రోహి?

ఇక 'తన పని తాను' అన్న మాట. హైకోర్టు 2022 అక్టోబరు 14న సాయిబాబాను విడుదల చేయమంటే, మర్నాడు సెలవురోజైన శనివారం సుప్రీంకోర్టు ప్రత్యేకంగా సమావేశమై ఆ తీర్పును నిలిపేసింది. చట్టం శనివారం తనంతట తాను నిద్ర లేవలేదు, మహారాష్ట్ర ప్రభుత్వం వెళ్లి లేపింది. 2020 ఆగస్టులో సాయిబాబా తల్లి క్యాన్సర్‌తో పోతే కడచూపునకు పెరోల్ ఇవ్వలేదు. అదీ ఎవరో కుర్చీలో కూర్చుని కాదన్నదే. పోలియోతో 90 శాతం వైకల్యం ఉన్న మనిషి ఎక్కడికి పారిపోతాడనుకున్నారో! ఆయన అప్పీలు తేలకముందే, 2021 మార్చి 31న, ఢిల్లీలోని రామ్‌లాల్ ఆనంద్ కళాశాల ఆయన్ను ఉద్యోగంలోంచి తీసేసింది. సస్పెన్షన్ కింద వస్తున్న సగం జీతంతో నెట్టుకొస్తున్న ఇంటికి అదీ పోయింది. తొలగింపునకు ఆధారం 2017 నాటి శిక్ష. ఆ శిక్ష చెల్లదని 2024 మార్చి 5న తేలిపోయింది. చట్టం తనంతట తాను నడిచేదే అయితే ఆ మర్నాడే ఉద్యోగం తిరిగి రావాలి. తీసేయడానికి కదిలిన కలం, చేర్చుకోవడానికి కదల్లేదు. మళ్లీ పాఠాలు చెప్పాలని ఆశపడిన ఆ అధ్యాపకుడు ఏడు నెలలు ఆసుపత్రుల చుట్టూ తిరిగి, అక్టోబరు 12న హైదరాబాద్ నిమ్స్‌లో కన్నుమూశారు. 57 ఏళ్లు. సహనిందితుడైన గడ్చిరోలి ఆదివాసీ యువకుడైతే తీర్పు వినకుండానే 2022లో జైలు నుంచే వెళ్లిపోయాడు.

అకారణంగా అరెస్టు చేయించినవారి నుంచి మేజిస్ట్రేటు ఇప్పించగల పరిహారం ఎంతో తెలుసా? వెయ్యి రూపాయలకు మించకూడదు. వలస వాసనలు వదిలించామంటూ తెచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 399వ సెక్షన్ కూడా పాత అంకెనే దాచిపెట్టుకుంది. అన్యాయంగా జైలుపాలైనవారికి పరిహారం, పునరావాసం కోసం ముసాయిదా బిల్లుతో సహా లా కమిషన్ 2018లో ఇచ్చిన 277వ నివేదిక దుమ్ము తింటోంది. మక్కా మసీదు పేలుడు కేసులో తప్పుగా పట్టుబడిన హైదరాబాద్ యువకులకు నాటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం పరిహారమిస్తే, అది చెల్లదని 2013లో హైకోర్టు కొట్టేసింది. దయాదాక్షిణ్యాల మీద నడిచే సాయం గతి అంతే.

కేసు వీగిపోయిన ప్రతివారికీ సొమ్మిస్తే పోలీసులు దర్యాప్తు చేయడానికే జంకుతారన్న వాదనలో బలముంది. అందుకే ఏది దురుద్దేశంతో పెట్టిన కేసో తేల్చడానికి ప్రత్యేక కోర్టులుండాలని లా కమిషన్ చెప్పింది. మావోయిస్టుల చేతుల్లో ప్రాణాలు కోల్పోయినవారి కుటుంబాల గోడూ నిజమే. వారికి దక్కాల్సిన న్యాయం, దోషమే రుజువు కాని మనిషిని పదేళ్లు వేధించడం వల్ల దక్కదు.

తొలగింపు ఉత్తర్వును కళాశాల రద్దు చేసి, సాయిబాబాకు రావాల్సిన జీతం బకాయిలు, విరమణ ప్రయోజనాలు కుటుంబానికి చెల్లించాలి. లా కమిషన్ బిల్లును కేంద్రం పార్లమెంటు ముందుంచాలి. మహారాష్ట్ర మంత్రివర్గం చేయాల్సింది మరీ చిన్న పని. ఎమర్జెన్సీ భృతి ఉత్తర్వులోనే, ఉపా కేసుల్లో ఏళ్ల తరబడి జైల్లో ఉండి నిర్దోషులుగా తేలినవారికీ ఇది వర్తిస్తుందని ఒక్క వాక్యం చేర్చడం. చేర్చలేమంటే ఎందుకు చేర్చలేరో చెప్పాలి, చట్టం చాటున నక్కకుండా.