వరస కుదిరింది... మరి లెక్క?

'పిల్లోడికి ఇరవై ఎనిమిది నిండినాయి. అక్క కూతురు కళ్లముందే ఉండాది. ఇంక బయట వెతికేదెందుకు?' అంటుంది అవ్వ. 'ఆస్తి బయటికి పోదు, బిడ్డా దూరం పోదు' అంటాడు తాత. కట్నం పేచీ లేదు. కొత్తవాళ్లతో ఎలా వేగాలన్న దిగులూ లేదు. కాణిపాకంలోనో, తిరుమల కొండమీదో మూడు ముళ్లు పడిపోతాయి. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఇలాంటి మాటలు ఎరగని ఇళ్లు తక్కువే.

ఏడాది తిరిగేసరికి ఇంట్లో ఊయల. బిడ్డ బొద్దుగా, ముద్దుగా ఉంటుంది. కానీ పిలిస్తే పలకదు. పళ్లెం కిందపడి మోగినా ఉలిక్కిపడదు. ఆస్పత్రికి తీసుకెళ్తే పరీక్షలన్నీ చేసి, పుట్టుకతోనే వినికిడి లేదని తేలుస్తారు. ఆ తర్వాత డాక్టరు అడిగే మొదటి ప్రశ్న... 'మీది మేనరికమా?'

ఎందుకా ప్రశ్న?

దాగుడుమూతల జన్యువు

మన ఒంట్లో దాదాపు ప్రతి జన్యువూ జంటగానే ఉంటుంది. ఒకటి అమ్మ ఇచ్చింది, రెండోది నాన్న ఇచ్చింది. ఈ జంటల లెక్కను మొదట పట్టుకున్నది ఆస్ట్రియా సామ్రాజ్యంలోని బ్రనో పట్టణంలో మఠంలో ఉండే గ్రెగర్ మెండెల్. పొడుగు బఠాణీ మొక్కల్నీ పొట్టివాటినీ కలిపితే మొదటి తరంలో అన్నీ పొడుగువే వచ్చాయి. పొట్టితనం పోయిందా? లేదు. ఆ మొక్కల విత్తనాలు వేస్తే 787 పొడుగువి, 277 పొట్టివి మొలిచాయి. సుమారు మూడింటికి ఒకటి. అంటే పొట్టి లక్షణం ఒక తరం దాక్కుని మళ్లీ బయటికొచ్చిందన్నమాట. 1866లో అచ్చయిన ఆ లెక్కే ఈనాటికీ వంశపారంపర్య శాస్త్రానికి ఓనమాలు.

పుట్టు చెవుడులో చాలా రకాలు ఇలా దాక్కునేవే. ఉదాహరణకు కనెక్సిన్-26 జన్యువు. జంటలో ఒకటి దెబ్బతిన్నా రెండోది పనిచేస్తే చెవులు చక్కగా వినిపిస్తాయి. ఆ మనిషికి తనలో లోపం ఉన్నట్టే తెలియదు. అలాంటి ఇద్దరు పెళ్లి చేసుకుంటేనే చిక్కు. బిడ్డకు ఇద్దరి నుంచీ దెబ్బతిన్న జన్యువే అందే అవకాశం నాలుగింట ఒకటి.

రంగు, ఎత్తు లాంటివాటికి ఈ లెక్క సరిపోదు. వాటి వెనక ఎన్నో జన్యువులు, తిండి, పెంపకం అన్నీ ఉంటాయి. అందుకే 'బిడ్డ తాతంత పొడుగవుతాడా' అంటే ఏ డాక్టరూ ఇంత అని చెప్పలేడు.

మామ ఇంట్లోనే ఎందుకు?

మేనరికం కొత్తగా ఏ జబ్బునూ పుట్టించదు. ఇంట్లో దాక్కున్నవాటిని కలుపుతుంది, అంతే. ఎలాగో చూడండి. పెళ్లికొడుకులో ఒక దాగిన లోపం ఉందనుకుందాం. అది అమ్మ నుంచో నాన్న నుంచో వచ్చినదే కాబట్టి తోడబుట్టిన అక్కలోనూ ఉండే అవకాశం సగం. అక్క నుంచి ఆమె కూతురికి చేరే అవకాశం అందులో సగం. అంటే నాలుగింట ఒకటి. ఇద్దరిలోనూ ఉంటే బిడ్డకు జబ్బుగా తేలే అవకాశం మళ్లీ నాలుగింట ఒకటి. మొత్తం కలిపితే 16లో 1.

అదే మేనత్త కూతుర్నో మేనమామ కూతుర్నో చేసుకుంటే 32లో 1. ఏ చుట్టరికమూ లేని పిల్లను చేసుకుంటే? ఆ లోపం నూటికి ఒకరిలో దాగి ఉంటుందనుకుంటే 400లో 1. తేడా ఎంతో మీరే చూడండి.

అలాగని మేనరికపు పిల్లలందరికీ జబ్బులొస్తాయని బెంబేలు పడక్కర్లేదు. బంధుత్వం లేని దంపతులకు పుట్టే పిల్లల్లోనూ నూటికి ఇద్దరు ముగ్గురికి ఏదో ఒక పుట్టు లోపం ఉంటుంది. మేనత్త, మేనమామ పిల్లల పెళ్లిలో దానికి మరో రెండు మూడు కలుస్తాయని జన్యు వైద్యుల అంచనా. సొంత మేనమామ అయితే ఇంకాస్త ఎక్కువ. ఎక్కువమంది ఆరోగ్యంగానే పుడతారు. 'మా అవ్వా తాతా కూడా మేనరికమే, మాకేమైంది?' అన్న ధీమా అక్కడి నుంచే వస్తుంది. కానీ తాతకు ఏమీ కాలేదన్నది మనవడికి హామీ కాదు. తరం తరం ఇంట్లోనే పెళ్లిళ్లు జరిగేకొద్దీ దాగినవి కలుసుకునే అవకాశమూ పెరుగుతుంది.

ఈ ఆచారం నిన్నటిది కాదు. మేనమామ కూతుర్ని, మేనత్త కూతుర్ని చేసుకోవడం దక్షిణాదివారి ఆచారమని బౌధాయన ధర్మసూత్రమే చెప్పింది. దాని ఫలితాలను లెక్కగట్టే ప్రయత్నమూ పాతదే. పిఠాపురంలో పుట్టి, ప్రసిద్ధ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్.హాల్డేన్ దగ్గర శిష్యరికం చేసిన ద్రోణంరాజు కృష్ణారావు, పి.మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్ మేనరికాల మీద 1963లోనే పరిశోధన పత్రం వెలువరించారు. ఇన్నేళ్లయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో దాదాపు నాలుగింట ఒకటి రక్తసంబంధంలోని పెళ్లే.

పాచికకు జ్ఞాపకం ఉండదు

చాలా ఇళ్లలో పొరబడేది ఇక్కడే. నాలుగింట ఒకటి అనగానే 'మొదటి బిడ్డకు వచ్చేసింది కదా, ఇంక ముగ్గురికి భయం లేదు' అనుకుంటారు. తప్పు. ప్రతి కాన్పుకూ పాచిక కొత్తగానే పడుతుంది. పెద్దదానికి చెవుడుంటే చిన్నవాడికి వచ్చే అవకాశమూ అదే నాలుగింట ఒకటి. ముందు ఇద్దరు బాగా పుట్టారని మూడో కాన్పులో పెరగదు, తగ్గదు.

రెండో పొరపాటు ఇంకా చేటు. నింద కోడలి మీద పడుతుంది. 'ఏ వేళలో అడుగుపెట్టిందో' అంటారు. ఇలాంటి జబ్బు రావాలంటే తండ్రి ఇచ్చిన ప్రతి కూడా దెబ్బతిని ఉండాల్సిందే. పైగా మేనరికంలో ఆ రెండు ప్రతులూ చాలావరకు ఒకే అవ్వ నుంచో తాత నుంచో దిగివచ్చినవే. ఆ పెద్దలకు మాత్రం ఏం తెలుసు? వాళ్ల తప్పూ లేదు, ఆ పిల్ల తప్పు అసలే లేదు.

మరి చేయగలిగిందేమిటి? సంబంధం అనుకున్నప్పుడే మూడు తరాల చిట్టా రాసుకోవాలి. పుట్టు చెవుడు, పసితనంలో మరణాలు, తలసీమియా, ఎదుగుదల లోపాలు... ఎవరికి ఏముందో దాచకుండా రాయాలి. దాన్ని జన్యు వైద్యులకు చూపించాలి. హైదరాబాద్ నిమ్స్‌లో ఇందుకు ప్రత్యేకంగా మెడికల్ జెనెటిక్స్ విభాగమే ఉంది. పెళ్లి అయిపోయి, ఒక బిడ్డకు జబ్బు ఉంటే ఆ బిడ్డ రక్తపరీక్షతో చాలాసార్లు లోపమున్న జన్యువును పట్టుకోవచ్చు. అది దొరికితే తర్వాతి గర్భంలో మూడో నెలలోనే పరీక్ష చేయించుకునే వీలుంటుంది. ఇక వినికిడి లోపమంటారా, పుట్టిన నెలలోపే పరీక్ష చేయించాలి. త్వరగా తెలిస్తే మిషనో, కాక్లియర్ ఇంప్లాంటో పెట్టి మాటలు నేర్పవచ్చు. ఆలస్యమయ్యేకొద్దీ ఆ పని కష్టమవుతుంది.

పెళ్లి మాటల్లో ఎకరాలు లెక్కేస్తాం, సవర్లు లెక్కేస్తాం. పుట్టబోయే బిడ్డ కోసం ఈ ఒక్క లెక్కా వేసుకుంటే పోలా!